ఇసుక నడిచే దారి

ఫిబ్రవరి మాసంలో ఒక సాయంకాలం. పుదుచ్చేరి సముద్రతీర వీధిలో, గాంధీజీ విగ్రహం ఎదుట, నెల్లూరు నుండి వచ్చిన ఒక వయసు మళ్ళిన జంట నిలబడి ఉన్నది. విగ్రహం చుట్టూ జింజీ నుండి తెచ్చి నిలిపిన రాతి స్తంభాలు, వాటి వెనుక నీలిసముద్రం, పైన లేత గులాబి ఆకాశం. అన్నీ ఆమె జ్ఞాపకంలో ఉన్నట్లే ఉన్నవి. ఆమె అడ్డుగోడ సమీపించి క్రిందికి తొంగిచూసింది. క్రింద నల్లని బండరాళ్ళ గుట్ట. ఆ రాళ్ళ సందులలో దూరి అలలు తెల్లగా నురుగు కక్కుతున్నవి.

"ఏమండీ, ఇక్కడ ఇసుక ఉండాలి గదా?" అన్నది ఆమె.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. 1981లో, పెళ్ళయిన తొలి ఏట, వారిరువురూ తిండివనం మీదుగా బస్సులో ఈ ఊరు వచ్చారు. ఈ విగ్రహానికి ఎదురుగానే ఇసుకలో కూర్చుని వేరుశెనక్కాయలు తిన్నారు. ఆమె నీటిలోకి దిగుతానంటే, మోకాలి లోతు దాటి పోనివ్వక ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కు లాగారు. "సముద్రాన్ని నమ్మరాదు" అన్నారు. ఆనాటి ఇసుక నేడు అక్కడ లేదు. నాలుగు దశాబ్దాలలో మనుషులు ముసలివారు కావడం సహజం. ఒక సముద్రతీరం మాయం కావడం సహజమా? ఆ ప్రశ్న వారి విహారయాత్రకు ఒక కొత్త ప్రయోజనాన్ని చేకూర్చింది.

తిరుగుప్రయాణం వరకు ఆగకుండా ఆ ప్రశ్నకు సగం సమాధానం వారు దారిలోనే చూశారు. కాని అప్పుడు దానిని సమాధానమని గుర్తించలేదు.

ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ఆమె ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిగా పదవీ విరమణ చేసింది. మూడువందల కిలోమీటర్లకు పైబడిన దారిని తొందరపడకుండా, తీరం వెంట కారులో చూసుకుంటూ పోవాలని వారి సంకల్పం. నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాటి మొదటి రాత్రి మద్రాసులో ఆడపడుచు ఇంట గడిపారు. ఆమె దృష్టిలో చెన్నై ఇంకా మద్రాసే. మరునాటి వేకువన మెరీనాకు వెళ్ళారు. రోడ్డు దిగిన చోటి నుండి నీటి అంచును చేరేసరికి ఆయన మోకాళ్ళు నొప్పి పుట్టాయి. అంత వెడల్పయిన ఇసుక మేట అది.

ఈ మేట ఆదినుండీ ఉన్నది కాదు. 1870ల నడుమ మద్రాసు రేవు నిర్మాణం ఆరంభమయ్యే వరకు సముద్రం ఇంతకంటె చాలా దగ్గరగా ఉండేది. సముద్రంలోకి పొడిచిన రేవు గోడలకు దక్షిణాన ఇసుక నిలిచిపోసాగింది. ఏటేటా మేట పెరిగి మెరీనా అయింది. రేవుకు ఉత్తరాన రాయపురం వైపు అదే కాలంలో సముద్రం నేలను కోసుకుపోయింది. ఒకే కట్టడం ఒకవైపు వరమైంది, మరొకవైపు శాపమైంది. మెరీనాలో సాయంకాలం గాలి పీల్చే లక్షలాది జనంలో ఈ లెక్క ఎరిగినవారు తక్కువ. ఆ ఉదయం ఆ దంపతులకు కూడా తెలియదు.

చెన్నై నుండి పుదుచ్చేరికి సుమారు 150 కిలోమీటర్ల ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఉన్నది. 1990లలో పల్లెల దారులను కలిపి ఈ రహదారిని రూపొందించారు. ఎడమ చేతి వైపు సరుగుడు తోటల సందుల నుండి సముద్రం తొంగిచూస్తూ, మరుగవుతూ, మళ్ళీ కనిపిస్తూ ఉంటుంది. 1966లో కె.సి.ఎస్. పణికర్ ఆధ్వర్యంలో చిత్రకారులు స్థాపించుకున్న చోళమండలం, 1976లో రోములస్ విటేకర్ నెలకొల్పిన మొసళ్ళ సంరక్షణ కేంద్రం, దక్షిణాది ఇళ్ళను ఒకచోట నిలబెట్టిన దక్షిణచిత్ర ఈ దారిలోనివే. మామల్లపురంలో పల్లవ రాజసింహుని తీరాలయం పన్నెండు శతాబ్దాలకు పైగా ఉప్పుగాలికి ఎదురు నిలిచి ఉన్నది. అలల తాకిడి నుండి దానిని కాపాడేందుకు చుట్టూ రాళ్ళు పేర్చి, చెట్లు పెంచారు. శిల్పాల ముఖాలు గాలికి అరిగి నునుపెక్కి ఉండడం చూసి ఆమె, "రాయి కూడా ప్రయాణం చేస్తూనే ఉన్నది. రేణువు రేణువుగా" అన్నది.

మరక్కాణం వద్ద ఉప్పుమళ్ళు. అద్దం ముక్కలు పరచినట్లు మెరిసే మడుల మధ్య కూలీలు గోరుపలకలతో ఉప్పు కుప్పలు పోస్తున్నారు. ఆ పక్కనే కళువేలి చిత్తడినేల. చలికాలంలో దూరదేశాల పక్షులు ఇక్కడ విడిది చేస్తాయి. 2024లో దీనికి రామ్‌సర్ గుర్తింపు లభించింది. పులికాట్ సరస్సునూ నేలపట్టు పక్షులనూ ఎరిగిన నెల్లూరివారికి ఇది చుట్టాలింటికి వచ్చినట్లనిపించింది.

ఇక పుదుచ్చేరి. 1674లో ఫ్రాన్సువా మార్టిన్ ఇక్కడ ఫ్రెంచి వర్తకానికి పునాది వేశాడు. 1954 నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది. 1962లో ఆ బదలాయింపు చట్టబద్ధమైంది. 2006లో పాండిచ్చేరి పేరు పుదుచ్చేరిగా మారింది. తెలుగువారికి ఈ ఊరు పరాయిది కాదు. గోదావరి తీరాన ఉన్న యానాం ఈ కేంద్రపాలిత ప్రాంతపు భాగమే. అంతకంటె పాత బంధం కూడా ఒకటి ఉన్నది. డూప్లే దొర వద్ద దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్ళై (1709–1761) తమిళంలో వ్రాసిన దినచర్య ప్రసిద్ధం. ఆయన తెలుగు కవులకు ఆశ్రయమిచ్చాడు. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథానికి ఆయన పేరే పెట్టి "ఆనందరంగరాట్ఛందము" అన్నాడు. పాఠశాలలో పద్యలక్షణాలు చెప్పి చెప్పి అలసిన పండితురాలు రంగపిళ్ళై వీధిలో నడుస్తూ, ఒక శిష్యుని ఇంటిని వెతుకుతున్నంత ఆత్మీయంగా ఆ పాత భవంతిని వెతికింది.

పిళ్ళై కాలంలో ఇక్కడ రేవు లేదు. ఓడలు లోతు నీటిలోనే లంగరు వేసేవి. పలకలను తాళ్ళతో కుట్టి చేసిన మసూలా పడవలు అలలను దాటి సరుకులను ఒడ్డుకు చేర్చేవి. ఈ తీరంలో కెరటాలు విరుచుకుపడే తీరు చూసినవారికి ఆ పడవవాళ్ళ నేర్పు అర్థమవుతుంది. తరువాత పందొమ్మిదవ శతాబ్దంలో సముద్రంలోకి పొడవైన ఇనుప వంతెన వేశారు. 1952 తుఫానుకు అది కూలిపోయింది. దక్షిణాన మరొక వంతెన కట్టారు. 2022 మార్చిలో దానిలో కొంత భాగం నీటిపాలైంది. కెరటాలను గెలవడానికి మనిషి మూడువందల ఏళ్ళుగా ఇక్కడ పాటుపడుతూనే ఉన్నాడు. ఆ పాటులోని ఒక అధ్యాయమే ఇసుక మాయం కావడానికి కారణమైంది.

ఆ రాత్రి బస చేసిన చోట వరండాలో కూర్చుని ఇంజనీరు ఒక కాగితం మీద గీతలు గీశారు. అంతకు ముందు ఆయన ఆ ఊరి గ్రంథాలయంలోనూ, తీరవీధిలో నడకకు వచ్చిన పెద్దలతోనూ మాట్లాడి విషయం రాబట్టారు.

తూర్పుతీరంలో ఇసుక ఒకచోట కూర్చుని ఉండదు. దాదాపు మార్చి నుండి అక్టోబరు వరకు అలలు దక్షిణం వైపు నుండి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. తాకిన ప్రతి అలా కొంత ఇసుకను ఉత్తరానికి జరుపుతుంది. ఈశాన్య ఋతుపవనాల మాసాలలో అలల వాలు మారి ఇసుక దక్షిణానికి కదులుతుంది. మొదటి కాలం ఎక్కువ, రెండవది తక్కువ. కనుక సంవత్సరాంతానికి లెక్క చూస్తే లక్షలాది ఘనమీటర్ల ఇసుక ఉత్తరానికి నడిచి ఉంటుంది. తీరమంటే నిలువ సొమ్ము కాదు. ఒక చేత్తో వచ్చి మరొక చేత్తో పోయే జీతం వంటిది. రాబడి ఆగితే ఇల్లు గడవదు.

1986–89 మధ్య పుదుచ్చేరికి దక్షిణాన, అరియాంకుప్పం ఏటి ముఖద్వారం వద్ద, రేవు కోసం సముద్రంలోకి రెండు రాతిగోడలు కట్టారు. దక్షిణం నుండి నడిచి వచ్చే ఇసుక ఆ గోడల వద్ద ఆగిపోయింది. ఆగిన ఇసుకను త్రవ్వి ఉత్తరం వైపుకు మళ్ళించాలని ఆదిలోనే అనుకున్నారు గాని ఆ పని నిలకడగా సాగలేదు. రేవుకు దక్షిణాన మేట పడింది. ఉత్తరాన, పట్టణం ఎదుట, ఉన్న ఇసుక పోయింది. కొత్త ఇసుక రాలేదు. కొన్ని ఏళ్ళలోనే గాంధీజీ విగ్రహం ముందున్న ఇసుకతిన్నె కరిగి నీరు వీధి గోడను తాకింది. గోడను కాపాడడానికి బండలు పోశారు. బండలు పోసిన చోట అల ఉధృతి తగ్గదు. అది వెనక్కు కొట్టి ఉన్న ఇసుకను కూడా లాక్కుపోతుంది. పట్టణం రాళ్ళ చాటున నిలబడింది. దాని ఉత్తరాన ఉన్న జాలరి పల్లెల వంతు వచ్చింది. కోట తమ వద్దకు వచ్చేసరికి అక్కడా రాళ్ళు, వాటికి ఉత్తరాన మరొక పల్లె.

"కాలువ మొదటివాడు తూము బిగిస్తే చివరి పొలం ఎండినట్లు" అన్నారు ఆయన.

"ఆ తూము బిగించినవాడు చివరి పొలం రైతును చూశాడా అని?" అన్నది ఆమె.

అయితే రాళ్ళను నిందించడం కూడా తేలిక కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పరిసర పల్లెలలో ప్రాణనష్టం జరిగింది. పట్టణపు నడిబొడ్డును ఆ రాతికట్టే కాపాడిందని ఇక్కడివారు నేటికీ చెప్పుకుంటారు. ఇల్లు నిలవాలా, ఇసుక నిలవాలా అన్న చిక్కు ప్రశ్న అది.

మరునాటి ఉదయం వారు పట్టణానికి ఉత్తరాన తంతిరాయన్ కుప్పం వైపు వెళ్ళారు. నెల్లూరు తీరంలో పట్టపువారి పల్లెలను పాళెం అంటారు. ఇక్కడ కుప్పం అంటారు. పడవలు లాగే పాట, వలలు ఎండేసే తీరు, చేపల బుట్టల చుట్టూ కాకుల గోల మాత్రం ఒకటే. అక్కడ సముద్రంలోకి అడ్డంగా వేసిన రాతికట్టల మధ్య కొద్దిపాటి ఇసుక మిగిలి ఉన్నది. పగలంతా యువకులు అలల మీద పలకలతో జారే ఆట ఆడుతుంటారు. నీరు నీలంగా, ప్రశాంతంగా అగుపించింది. ఆయనకు ఉత్సాహం పుట్టింది. చొక్కా విప్పి, "నేను మునిగి వస్తాను. నువ్వు ఒడ్డునే ఉండు" అన్నారు.

వల బాగుచేసుకుంటున్న ఒక ముదుసలి జాలరి తల ఎత్తాడు. తమిళం కలిసిన మాటలలో, "అయ్యా, అక్కడ దిగవద్దు" అని వారించాడు. ఆయన చూపిన చోట ఇరువైపులా అలలు తెల్లగా విరుగుతున్నవి. నడుమ ఒక బాట మాత్రం అల లేకుండా నున్నగా, కొంచెం మురికి రంగుతో ఉన్నది. చూసేవారికి అదే క్షేమమైన చోటుగా తోస్తుంది. ఒడ్డుకు ఎక్కిన నీరు తిరిగి సముద్రంలోకి పరుగెత్తే దారి అది. దానిలో చిక్కినవాడు గజ ఈతగాడైనా ఎదురీది ఒడ్డు చేరలేడు. అలసిపోయి మునుగుతాడు. తెలిసినవాడు ప్రవాహానికి ఎదురు పోడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటాక అలలతోబాటు తిరిగి వస్తాడు. ఈ తీరంలో ఏటా ప్రాణాలు కోల్పోయే యువకులలో పలువురు ఈత రానివారు కారు. ఆ నున్నని బాటను నమ్మినవారు.

ఆయన చొక్కా తిరిగి తొడుక్కున్నారు. "సముద్రాన్ని నమ్మరాదని చెప్పినవారు మీరే గదా" అని ఆమె నవ్వింది.

సముద్రం లోపలిని చూడాలన్న కోరిక ఆమెది. నీటి అడుగు చూపే సంస్థలు ఇప్పుడు పుదుచ్చేరిలో ఉన్నవి. ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. లక్షద్వీపాలలోనో, అండమానులోనో, రామేశ్వరానికి దిగువన మన్నారు సింధుశాఖలోనో ఉన్నట్లు పుదుచ్చేరి ఒడ్డున సహజమైన పగడపు దిబ్బలు లేవు. ఒడ్డు నుండి నడిచి వెళ్ళి చేపలను చూడడం కుదరదు. పడవలో దూరం పోవాలి. అక్కడ మనుషులు కావాలని ముంచిన కాంక్రీటు దిమ్మెలు, పాత సామాను క్రమంగా నాచు పట్టి, నత్తలు అతుక్కుని, చేపలకు ఇళ్ళయినాయి. బోసిగా ఉన్న ఇసుక అడుగున నీడ దొరికితే చాలు, చేపలు తమంత తామే వచ్చి చేరుతాయి.

పడవ ఎక్కే ముందు నిర్వాహకులు ఒక పత్రం ఇచ్చారు. గుండెజబ్బు, ఉబ్బసం, మూర్ఛ, రక్తపుపోటు ఏవైనా ఉన్నవా అని అందులో ప్రశ్నలు. ఆయన గబగబా 'లేదు' అని గీతలు పెడుతూ పోయారు. ఆమె ఆ కాగితం తీసుకుని చదివి, శిక్షకునితో నెమ్మదిగా, "ఆయన ఎనిమిదేళ్ళుగా రక్తపుపోటుకు మాత్రలు వేసుకుంటున్నారు" అన్నది. వైద్యుని అనుమతిపత్రం లేనిదే నీటిలో దింపడం వీలుకాదని శిక్షకుడు మర్యాదగానే చెప్పాడు. ఆయన ముఖం చిన్నబోయింది. ఈ యాత్రలో ఈ ఘట్టం కోసం ఎదురుచూసినది ఆయనే.

"అయితే ఇద్దరం మానేద్దాం" అన్నారు.

"నేను మానను" అన్నది ఆమె.

ఆమెకు ఈత రాదు. అయినా తేలే చొక్కా తొడిగి, పక్కన శిక్షకుడు ఉంటే, నీటిపై బోర్లా పడుకుని చూడడానికి ఈత అవసరం లేదు. స్నార్కెలింగ్ అంటే అంతే. ముఖానికి అద్దపు తొడుగు, నోటిలో ఒక గొట్టం. నీటిలో కన్ను తెరిస్తే అంతా మసకగా కనిపించడానికి కారణం ఉన్నది. కంటి ముందుభాగానికీ నీటికీ వెలుతురును వంచే గుణంలో పెద్ద తేడా లేదు. అందువల్ల దృశ్యం స్పష్టంగా ఏర్పడదు. అద్దానికీ కంటికీ నడుమ గాలి పొర నిలిపితే చూపు తిరిగి వస్తుంది. కాని వస్తువులు ఉన్న దూరంలో మూడు వంతులలోనే ఉన్నట్లు, ఉన్న పరిమాణానికి మూడవ వంతు పెద్దవైనట్లు తోస్తాయి. సముద్రంలో చూసిన చేప పొడవును గూర్చి చెప్పేవారంతా అబద్ధాలకోరులు కారని పాఠకులు గ్రహించవచ్చు.

గొట్టం జానెడు, జానెడున్నర పొడవే ఎందుకు ఉండాలి? పొడవైన గొట్టం ఉంటే ఇంకా లోతుకు పోవచ్చుగదా అని పిల్లలు అడుగుతారు. ఒక మీటరు లోతున నీటి బరువు రొమ్మును ఎంతగా నొక్కుతుందంటే, పైనున్న గాలిని లోపలికి పీల్చే శక్తి మనిషి కండరాలకు దాదాపు చాలదు. పైగా పొడవు గొట్టంలో విడిచిన గాలే తిరిగి లోపలికి వస్తుంది. అందుకే ఈ ఆట నీటి ఉపరితలానికే పరిమితం.

ఆమె పడవ అంచున కూర్చుని, చీరకు బదులు తొడుక్కున్న ఈత దుస్తులను ఒకసారి సవరించుకుని, కన్నులు మూసుకుని నీటిలోకి జారింది. మొదటి రెండు నిమిషాలు నోటితో గాలి పీల్చడం చేతగాక ఉక్కిరిబిక్కిరై తల ఎత్తింది. శిక్షకుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నెమ్మదిగా, అమ్మా. విడిచే ఊపిరి పొడవుగా ఉండాలి" అన్నాడు. మూడవసారి ముఖం నీటిలో పెట్టిన తరువాత ఆమె మళ్ళీ తల ఎత్తలేదు.

పడవలో మిగిలినది ఆయన ఒక్కరే, పడవ నడిపేవాడు కాక. ఆయనకు కనిపించినదల్లా నీటిపైన నారింజరంగు గొట్టపు చివర. అది ఒకచోట ఆగుతుంది, కొంచెం కదులుతుంది, మళ్ళీ ఆగుతుంది. గొట్టం నుండి ఊపిరి చప్పుడు వినిపించినంతసేపు ఆయన ఊపిరి కూడా సాగింది. 1981లో మోకాలి లోతున తాను వెనక్కు లాగిన చెయ్యి అది. ఆనాటి భయం ఆమెది కాదని, తనదేనని ఆయనకు అప్పుడు స్ఫురించింది.

అర్ధగంట తరువాత ఆమెను పైకి తీశారు. పెదవులు ఉప్పుకు తెల్లబారి ఉన్నవి. ముక్కుపైన అద్దపు తొడుగు ముద్ర పడింది. ఊళ్ళోని కాలువగట్టు బాతుల వలె ఒక దిమ్మె చుట్టూ తిరిగే చారల చేపల గుంపును చూసిందట. రాతి సందులో నుండి నోరు తెరిచి మూస్తున్న పాము వంటి చేపను చూసిందట. "ఎరుపు రంగు ఎక్కడా లేదండీ. అంతా నీలం, బూడిద. శిక్షకుడు దీపం వేస్తే అదే రాయి మీద కుంకుమ పోసినట్లయింది" అన్నది. సూర్యకాంతిలో నీరు మొదట మ్రింగేది ఎరుపునే. కొన్ని మీటర్ల లోతు దాటితే నెత్తురు కూడా నల్లగా కనిపిస్తుంది.

ఆమె చెప్పిన మరొక మాటను ఇంజనీరు రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు. దిమ్మెలు లేనిచోట అడుగున ఇసుక అలలు అలలుగా కదులుతున్నది. దిమ్మె వెనుక నీడలో మాత్రం కదలక, మెత్తగా పేరుకుని ఉన్నది.

ఆ సాయంకాలం వారు మళ్ళీ తీరవీధికి వచ్చారు. సాయంకాలం నుండి ఉదయం వరకు ఆ వీధిలోకి వాహనాలను రానీయరు. పట్టణమంతా అక్కడికే వచ్చి నడుస్తుంది. గాంధీజీ విగ్రహం దాటి ఉత్తరంగా సచివాలయం వైపు నడుస్తూ పోగా రాళ్ళ గుట్ట తగ్గింది. దాని మెట్ట దిగువన ఇసుక! పిల్లలు గుళ్ళు కడుతున్నారు. మరమరాలవాడు బండి నిలిపాడు. ఆమె చెప్పులు విప్పి చేతబట్టుకుని దిగింది.

ఈ ఇసుక తనంత తాను తిరిగి వచ్చినది కాదు. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు 2018లో సచివాలయం ఎదుట, నీటి మట్టానికి దిగువన, చీలిక ఆకారం గల ఒక పెద్ద ఉక్కు కట్టడాన్ని దించి దానిని రాళ్ళతో నింపి స్థిరపరిచారు. అది పైకి కనిపించదు. ఒడ్డుకు రావలసిన అల ముందుగా దాని మీద విరిగి బలం కోల్పోతుంది. దాని చాటున నీటి వేగం తగ్గుతుంది. వేగం తగ్గిన నీరు మోసుకు వచ్చిన ఇసుకను జారవిడుస్తుంది. కాలువ వేగం మందగించిన చోట పూడిక పడడం నీటిపారుదల ఇంజనీరుకు కొత్త సంగతి కాదు. ఉద్యోగ జీవితమంతా ఆయన ఆ పూడికతో పోరాడారు. ఇక్కడ అదే పూడికను కోరి రప్పించారు. దానికి తోడు రేవు ముఖద్వారంలో త్రవ్విన ఇసుకను తెచ్చి ఒడ్డున పోశారు. అంటే దక్షిణాన ఆగిపోయిన ప్రయాణికుణ్ణి భుజాన మోసి తెచ్చి మళ్ళీ దారిలో దించారన్నమాట.

ఇది శాశ్వత విజయమని ఎవరూ అనలేదు. ఋతువునుబట్టి ఇసుక పెరుగుతుంది, తరుగుతుంది. త్రవ్వకం ఆగితే ఒడ్డు మళ్ళీ చిక్కిపోతుంది. ఒకచోట నిలిపిన ఇసుక ఉత్తరాన ఉన్న కుప్పానికి అందకుండా పోకూడదన్న జాగ్రత్త కూడా ఉండాలి. 2011 డిసెంబరు చివర వచ్చిన తానే, 2024 నవంబరు చివర వచ్చిన ఫెంగల్ వంటి తుఫానులు ఒక్క రాత్రిలో అన్ని లెక్కలనూ తారుమారు చేయగలవు. అయినా రాయిని ఒడ్డున పోసి అలతో పోరాడడానికీ, నీటి అడుగున పెట్టి అలకు నచ్చజెప్పడానికీ తేడా ఉన్నదని ఆ చిన్న ఇసుకమేట ఋజువు చేస్తున్నది.

ఇసుకలో కూర్చున్న ఇంజనీరు చాలాసేపు మాటాడలేదు. చివరకు, "మన పెన్న ఇసుక ఎక్కడికి పోతున్నది?" అన్నారు. ఆయన కొన్నాళ్ళు సోమశిల జలాశయం వద్ద పనిచేశారు. ఆ జలాశయం ఎన్నో వేల ఎకరాలకు నీరిచ్చింది. అందుకు ఆయన గర్వపడుతూ ఉండేవారు, ఆ గర్వం తప్పు కాదు. కాని ఆనకట్ట నీటితోపాటు ఒండ్రును కూడా ఆపుతుంది. నది సముద్రానికి చెల్లించవలసిన ఇసుక అక్కడే నిలిచిపోతుంది. మిగిలినది లారీలకెక్కుతుంది. గోదావరి, కృష్ణల డెల్టాలకూ ఇదే గతి. కాకినాడ వద్ద ఉప్పాడ ఏళ్ళతరబడి ఇళ్ళను, రోడ్డును సముద్రానికి సమర్పించుకుంటూనే ఉన్నది. విశాఖపట్నంలో రేవు నుండి త్రవ్విన ఇసుకను తెచ్చి తీరాన్ని పోషించవలసి వస్తున్నది. పుదుచ్చేరి ప్రశ్న పుదుచ్చేరితో ఆగేది కాదు.

"మీరొక్కరే ఆపలేదు లెండి" అన్నది ఆమె. తరువాత, "ఆపిన చోటి నుండి కదిలించడమెలాగో కూడా మీబోటివారే చెప్పాలి" అన్నది.

ఈ దారిన పోదలచిన దంపతులకు నాలుగు మాటలు. జనవరి నుండి మార్చి వరకు ఎండ మితంగా ఉంటుంది, సముద్రం కొంత శాంతిస్తుంది. నీటి అడుగు చూడదలచినవారు తేట నీటి రోజు కోసం ఒకటి రెండు రోజులు చేతిలో ఉంచుకోవాలి. ఆరోగ్యపత్రంలో అబద్ధం వ్రాయరాదు. స్నానానికి రక్షకులున్న చోటునే ఎన్నుకోవాలి. పుదుచ్చేరికి దక్షిణాన చిన్నవీరాంపట్నంలోని ఈడెన్ తీరానికీ, చెన్నై వైపున కోవళానికీ 2021లో నీలి జెండా గుర్తింపు వచ్చింది. మన రుషికొండకు అది 2020లోనే వచ్చింది. ఆ మాసాలలోనే రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరమంతటా గుడ్లు పెట్టడానికి ఇసుక ఎక్కుతాయి. వాటి దారిలో దీపాలు వేయరాదు. ఇసుక లేని చోట తాబేలు గుడ్లు పెట్టలేదన్న సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

చీకటి పడింది. 1836లో వెలిగి, 1979 వరకు ఓడలకు దారి చూపిన పాత దీపస్తంభం మౌనంగా నిలిచి ఉన్నది. ఆమె లేచి నీటి అంచుకు నడిచింది. హెచ్చరిక పలక ఉన్నది గనుక పాదాలు తడిసేంత వరకే వెళ్ళింది. ఆయన కూడా వెనుకనే వెళ్ళి పక్కన నిలిచారు. ఈసారి ఆయన ఆమె చెయ్యి పట్టుకోలేదు. వెనుకకు పోయే అల వారి పాదాల క్రింది ఇసుకను కొద్దికొద్దిగా లాగి, ఉత్తరదిశగా తీసుకుపోతున్నది. కొంతసేపటికి ఆమే ఆయన చెయ్యి పట్టుకున్నది.